కిట్టు వేద్దామా, అసెంబ్లీ మార్చేద్దామా: ఒక క్లచ్ బిల్లు తారీఖ్

క్లచ్ మాస్టర్ సిలిండర్ మార్చడానికి ఎంతవుతుంది భాయ్ అని మూడు ఊళ్లలో అడిగాను. తెనాలిలో రెండు వేల లోపే అన్నారు. బాపట్లలో రెండున్నర వేలు. రేపల్లెలో "సామాన్ తెప్పించాలి సార్, రేపు రండి" అన్నారు, అంటే తెనాలి రేటు మీద ఇంకో మూడొందలు వేసుకోమని అర్థం. ఒక పెద్ద నగరంలోని కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని 4,700 అని ముద్రించిన కాగితం చేతికిచ్చారు. బండి ఒకటే, మరమ్మతు ఒకటే. పెడల్ తొక్కితే కిందికి పోతోంది, పైకి రావడం లేదు. గేరు పడటం లేదు. అంతే.

రేట్లు ఊరికో రకంగా ఉండటం కొత్తేం కాదు. మటన్ కూడా ఊరికో రేటే. కానీ ఈ నాలుగు అంకెల వెనక ఏముందో చూద్దామని తవ్వితే, నాకు మన ఇళ్ల తారీఖే దొరికింది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. బిల్లు మీద రాసే తారీఖ్ వెనక ఇంకో తారీఖ్ ఉంటుందన్నమాట.

ముందు ఆ వస్తువేమిటో చెప్పుకుందాం, బండి నడపని వాళ్లకి కూడా అర్థమయ్యేలా. రెండు ఇంజెక్షన్ సిరంజీలు తీసుకుని మధ్యలో సన్న గొట్టం కలిపి నీళ్లు నింపండి. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి తోసుకొస్తుంది. మీ ఎడమ కాలి కింద పెడల్‌కి తగిలించి ఉన్న సిరంజీ మాస్టర్ సిలిండర్. గేర్‌బాక్స్ దగ్గర ఉన్నది స్లేవ్ సిలిండర్. మధ్యలో నీళ్లకి బదులు బ్రేక్ ఆయిల్. కాలితో నొక్కిన బలం ఆ ఆయిల్ గుండా వెళ్లి, అక్కడ ఒక ఫోర్కుని తోసి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య పట్టు వదిలిస్తుంది. మా ఉర్దూ మీడియం స్కూల్లో దీన్ని "పాస్కల్ కా ఉసూల్" అని చదివాం. మాయె అంటే ద్రవం, దబావ్ అంటే పీడనం. మూసి ఉన్న మాయె మీద ఒకచోట దబావ్ వేస్తే అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది. డిగ్రీకి తెలుగులోకి వచ్చాక అదే పాస్కల్ నియమం అయింది. పరీక్ష రెండు చోట్లా పాసయ్యాను గానీ, అది మా ఇంటి బండి కింద ఉందని మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

మాస్టర్, స్లేవ్. ఆఖా, గులాం. ఈ పేర్లు పెట్టిన వాళ్ల మిజాజ్ ఏంటో వాటిలోనే తెలుస్తుంది. మన మెకానిక్‌లు వాటిని పెద్దగా పట్టించుకోరు. "ఉపర్ కా", "నీచే కా" అంటారు. పైది, కిందిది. నాకా మాటలే నచ్చుతాయి.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. పిస్టను, సిలిండరు, వాల్వు అనగానే అన్నీ ఫిరంగీల దేశం నుంచి వచ్చాయనుకుంటాం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు ముగ్గురు "కితాబుల్ హియల్" రాశారు. దాన్నిండా నీటి ఒత్తిడితో, వాల్వులతో నడిచే యంత్రాలే. 1206లో అల్ జజరీ తన కితాబ్ పూర్తి చేశాడు. అందులో రెండు సిలిండర్లు, రెండు పిస్టన్లు ఎదురెదురుగా పనిచేసే నీటి పంపు ఉంది. అంతమాత్రాన క్లచ్ సిలిండర్‌ని మనవాళ్లే కనిపెట్టారని జుమ్మా బయాన్లలో చెప్పుకోవద్దని నా గుజారిష్. కనిపెట్టలేదు. ఇనుమునీ నీళ్లనీ చేత్తో పట్టుకుని ఆలోచించే వాళ్లకి ఒకప్పుడు దర్బారుల్లో ఇజ్జత్ ఉండేదని మాత్రం చెప్పుకోవచ్చు. అల్ జజరీ ఉన్నది దియార్‌బకర్‌లో, రాజు కొలువులో. పుస్తకం రాయమని అడిగింది ఆ రాజే.

ద్రవంతో బ్రేకు వేసే పద్ధతికి అమెరికాలో 1917లో పేటెంట్ తీసుకున్నవాడు మాల్కం లాకీడ్. విమానాల కంపెనీ లాక్‌హీడ్ ఉంది చూశారూ, ఆ అన్నదమ్ముల్లో ఒకడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే ఖరీదైన కారుకి ఆ బ్రేకులు పెట్టారు. మొదట్లో సిలిండర్ లోపల ద్రవం కారకుండా ఆపేవి పచ్చి తోలు కప్పులు. అవి కారేవి. 1924లో క్రిజ్లర్ కారు వచ్చేసరికి ఆ కంపెనీ ఇంజనీర్లు తోలు తీసేసి రబ్బరు కప్పులు పెట్టారు. అప్పటి బ్రేక్ ఆయిల్ ఏమిటో తెలుసా? ఆముదం, దానికి ఆల్కహాల్ కలిపి. మన నానీలు పిల్లల కడుపు శుభ్రానికి తాగించిన ఆముదమే. అటు తోలు, ఇటు ఆముదం, రెండూ మన ఇళ్లకి తెలిసిన సరుకులే. బ్రేకులకి పనికొచ్చిన ఈ ఉపాయమే తర్వాత క్లచ్‌కీ వచ్చింది.

మన వైపు వద్దాం. ఈ మూడు ఊళ్లూ 1953 అక్టోబర్ 1 దాకా మద్రాసు వాళ్ల కిందే. తెనాలి, బాపట్ల మద్రాసు వెళ్లే మెయిన్ లైన్ మీద ఉన్నాయి. రేపల్లె తెనాలి నుంచి విడిపోయి వెళ్లే బ్రాంచి లైను చివర ఉంది. ఆ తర్వాత పట్టాలు లేవు, కృష్ణానది, సముద్రం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, రేపల్లె బిల్లు మీది మూడొందలు ఇక్కడి నుంచే మొదలవుతాయి. సామాన్ మద్రాసు నుంచి గానీ బెజవాడ నుంచి గానీ తెనాలి వచ్చేది, అక్కడి నుంచి ముప్పై నాలుగు కిలోమీటర్లు బ్రాంచి లైన్లో రేపల్లె వెళ్లేది. ఇప్పుడు కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216 నెంబరు జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల మీదుగానే పోతోంది. లారీలు రయ్యిన పోతాయి. అయినా రేపల్లె మెకానిక్ ఈ రోజుకీ పొద్దున్నే తెనాలి వెళ్లి సామాన్ పట్టుకొస్తాడు. దుకాణాల్లో సరుకు నిల్వ పెట్టేంత గిరాకీ చివరి స్టేషన్లో ఉండదు మరి.

స్వాతంత్ర్యానికి ముందు ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటి అమెరికా కంపెనీలు పెట్టెల్లో విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవి. 1953లో ప్రభుత్వం ఒక ఫైసలా చేసింది: భాగాలు ఇక్కడే తయారు చేసే ప్లాను లేనివాళ్లు దుకాణం కట్టేయాల్సిందే. ఆ రెండు కంపెనీలూ వెళ్లిపోయాయి. మిగిలినవి హిందుస్తాన్ మోటార్స్, ప్రీమియర్ లాంటి కొన్ని. జీపుల కథ మాత్రం మనవాళ్లు తెలుసుకోవాలి. ఇవాళ ఊరూరా కనిపించే మహీంద్రా కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. మహీంద్రా సోదరులతో కలిసి షరీక్‌గా ఉన్నాయన మలిక్ గులాం మహమ్మద్. తక్సీం తర్వాత ఆయన పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. బోర్డు మీంచి మహమ్మద్ పేరు పోయింది గానీ, బండి కింద పడుకుని బోల్టులు విప్పే మహమ్మద్‌లు ఎక్కడికీ పోలేదు.

విడిభాగాలు ఇక్కడే తయారు కావాలన్నారు కదా, ఎవరు చేయాలి? మదురైలో బస్సులతో మొదలైన టీవీఎస్ వాళ్లు ఇంగ్లండు లూకాస్ వాళ్లతో కలిసి 1962లో మద్రాసు దగ్గర పాడిలో బ్రేక్స్ ఇండియా పెట్టారు. గర్లింగ్ అనే పేరు మన మెకానిక్ దుకాణాల్లోకి అలా వచ్చింది. దానితో పాటే వచ్చింది కిట్టు. చిన్న అట్టపెట్టె, అందులో రెండు మూడు రబ్బరు సీళ్లు, ఒక స్ప్రింగు, ఒక దుమ్ము తొడుగు. కప్పు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ సీలుని మనవాళ్లు బకెట్ అంటారు. "బకెట్లు పోయాయి" అంటే బాల్టీలు ఎవరో ఎత్తుకెళ్లారని కంగారు పడొద్దు.

కిట్టు వేయడం ఎలా ఉంటుందో తెనాలిలో ఒక ఉస్తాద్ దగ్గర కూర్చుని చూశాను. ఆయనది రెండో తరం దుకాణం. సిలిండర్ విప్పి, లోపలి పిస్టన్ని బయటికి లాగి, సిలిండర్ గోడల్ని చిటికెన వేలితో తడిమి చూశాడు. కళ్లు మూసుకుని. గీత ఉందా, గుంట ఉందా అని వేలి కొసకే తెలుస్తుందట. గీతలు చిన్నవైతే సన్నటి ఎమరీ కాగితంతో గుండ్రంగా, నిలువుగా ఎంతమాత్రం కాకుండా, రుద్దుతారు. స్పిరిట్‌తో కడుగుతారు. కొత్త బకెట్లని బ్రేక్ ఆయిల్‌లో ముంచి మాత్రమే ఎక్కిస్తారు. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క తగిలినా ఆ రబ్బరు ఉబ్బిపోతుంది, మొత్తం మేహనత్ బర్బాద్. ఆ తర్వాత ఎయిర్ తీయడం. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు బండి కింద పడుకుని నిపుల్ విప్పి మూయాలి. "దబా... పకడ్... ఛోడ్." బుడగలు రావడం ఆగి, ఆయిల్ తీగలా కారేదాకా ఇదే. సరిగ్గా చేస్తే గంటన్నర పని. తొందరపడితే పెడల్ మెత్తగా స్పాంజిలా ఉండిపోతుంది, కస్టమర్ సాయంత్రానికి తిరిగొస్తాడు.

ఆ ఉస్తాద్ వాళ్ల అబ్బా రాసిన పాత హిసాబ్ కితాబులు ఆ దుకాణం అటక మీద ఉన్నాయి. ఉర్దూలో ఉన్నాయి. కొడుకు తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివాడు, ఉర్దూ చదవలేడు. "సార్, మీకు వస్తది కదా, ఏం రాసిండో చెప్పండి" అని నా ముందు పెట్టాడు. నూనె మరకల్లో నస్తలీఖ్ అక్షరాలు. సామాన్ ఒక వరసలో, మజ్దూరీ ఒక వరసలో. దాదాపు ప్రతి పేజీలోనూ మజ్దూరీ అంకె సామాన్ అంకె కంటే పెద్దదే. ఆ పెద్దాయన కిట్లు వేసిన మనిషి. ఆయన అమ్మింది రబ్బరు కంటే ఎక్కువగా తన చిటికెన వేలు చెప్పిన మాటనే.

ఈ పనిలోకి మనవాళ్లు ఇంతమంది ఎలా వచ్చారు? ఒక్క జవాబు లేదు. కొందరు గుర్రబ్బండ్లు, జట్కాలు తోలిన ఖాందాన్లు. జట్కా పోయాక అదే ఇంట్లో ఒకడు డ్రైవరయ్యాడు, తమ్ముడు క్లీనరయ్యాడు. కొందరు లుహార్ పని తెలిసిన వాళ్లు. మా గుంటూరు వైపు దూదేకుల ఇళ్లు చాలా. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకిన వాళ్లు. మిషన్లు వచ్చాయి, తర్వాత ఫోమ్ పరుపులు వచ్చాయి, విల్లు గోడకెక్కింది. ఆ ఇళ్ల కుర్రాళ్లని నేను టింకరింగ్ షెడ్లలో, పంక్చర్ కొట్లలో, సీట్ కవర్ల దుకాణాల్లో చూశాను. ఎవరి సిఫారిష్ అక్కర్లేని పని. చేయి తిరిగితే చాలు. 2006లో ఇచ్చిన సచార్ కమిటీ రిపోర్టు ఈ మాటే లెక్కల్లో చెప్పింది: ముస్లిం పనివాళ్లలో దాదాపు 61 శాతం సొంతంగా ఏదో ఒకటి చేసుకుని బతికేవాళ్లు, హిందువుల్లో ఆ లెక్క 55 శాతం దగ్గర. మోటారు మరమ్మతుల్లో మనవాళ్ల వాటా జనాభా వాటా కంటే ఎక్కువని కూడా చెప్పింది. సర్కారీ ఆఫీసుల్లో కుర్చీ దొరకని వాళ్లు బండ్ల కింద చోటు వెతుక్కున్నారు.

ఇంకో హిసాబ్ ఉంది. దాన్ని ఏ బిల్లులోనూ, ఆ ఉర్దూ కితాబులో కూడా రాయలేదు. "దబా, పకడ్, ఛోడ్" అన్నప్పుడు పెడల్ తొక్కేది ఎవరు? షాగిర్ద్. పదేళ్లవాడు, పన్నెండేళ్లవాడు. ఉస్తాద్ ఇంటికి టిఫిన్ క్యారియర్ తెచ్చేవాడు, స్పానర్లు కిరసనాయిల్లో కడిగేవాడు, తప్పు సైజు పానా ఇస్తే చెంపదెబ్బ తినేవాడు. జీతం లేదు. జుమ్మా రోజు చేతిలో కొన్ని నాణేలు, ఈద్‌కి ఒక జత బట్టలు. "హునర్ సీఖ్‌తా హై" అని ఇంట్లో సంతోషం. నేను దీన్ని పూర్తిగా చెడ్డగా చూడలేను. నాకు తెలిసిన చాలామంది ఇళ్లు ఆ హునర్ మీదే నిలబడ్డాయి. ఉస్తాదులు తమ షాగిర్దుల నికాహ్‌లు దగ్గరుండి చేయించారు, దుకాణాలు పెట్టించారు. కానీ మన బండి బాగు చేయించుకున్న ఖర్చు అంత తక్కువగా ఎందుకుందంటే, అందులో ఒక పిల్లాడి ఐదో తరగతి, ఆరో తరగతి, ఏడో తరగతి కలిసి ఉన్నాయి కాబట్టి. 1986 బాలకార్మిక చట్టం కింద పిల్లల్ని పెట్టకూడదన్న పనుల జాబితాలో మోటారు గ్యారేజీలు చేరాయి. 2016 సవరణతో 14 ఏళ్ల లోపు వాళ్లని బయట ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత ఇంటి పనికి బడి తర్వాత సాయం చేయడానికి వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటు ఎవరి పిల్లల కోసమో మనకి చెప్పనక్కర్లేదు.

కిట్ల జమానా ఎప్పుడు పోయింది? ఒక్క రోజులో పోలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని క్లచ్‌కి అసలు ఈ సిలిండర్లే లేవు, సైకిల్ బ్రేకుకి ఉన్నట్టు ఒక కేబుల్, అంతే. తెగితే కొత్తది వేయడమే. మా ఇళ్లలోకి క్లచ్ మాస్టర్ సిలిండర్ వచ్చింది ఎక్కువగా పెద్ద బండ్లతోనే. 1994లో టాటా సుమో, 2000లో టయోటా క్వాలిస్. పెళ్లిళ్లకీ, కసుమూరు దర్గా ప్రయాణాలకీ పదిమంది ఎక్కిన బండ్లు అవే. అంతమంది బరువుతో, బాపట్ల రైల్వే గేట్ల దగ్గర ఆగుతూ కదులుతూ, అరిగింది క్లచ్చే.

పాత సిలిండర్లు పోత ఇనుముతో చేసినవి. గోడలు రుద్దితే తట్టుకునేవి. తర్వాత అల్యూమినియం వచ్చింది, పైన పల్చటి పూత. ఎమరీ పెడితే ఆ పూతే పోతుంది. ఇప్పుడు చాలా బండ్లలో బాడీ ప్లాస్టిక్. దాన్ని విప్పి బాగు చేసే ఉద్దేశంతో తయారు చేయనే లేదు. కారితే తీసి పారేసి కొత్త అసెంబ్లీ పెట్టాలి.

దీనికి తోడు మా సముద్రం. బ్రేక్ ఆయిల్‌కి ఒక ఆదత్ ఉంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 దగ్గరే మరుగుతుంది. డాట్ 4 కి ఆ అంకెలు 230, 155. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు. మనం మారుస్తామా? కారినప్పుడు పైన పోసి మూత పెట్టేస్తాం. పీల్చుకున్న నీళ్లు సిలిండర్ గోడల్ని లోపలి నుంచి తింటాయి. సూర్యలంక గాలి ఆడే బాపట్లలో, రొయ్యల చెరువుల మధ్య రేపల్లెలో బయటి నుంచి ఉప్పు, లోపలి నుంచి తేమ. గుంటలు పడిన గోడ మీద కొత్త బకెట్లు వేస్తే రెండు నెలల్లో చిరిగిపోతాయి. అందుకే "కిట్టు వేస్తే నిలవదు సాయబుగారూ, అసెంబ్లీ వేయించుకోండి" అని బాపట్ల మెకానిక్ అంటే, డబ్బు గుంజుతున్నాడని అనుకోకండి. ఆయన చెప్పేది చాలాసార్లు నిజం. తెనాలిలో నిలిచే మరమ్మతు బాపట్లలో నిలవకపోవచ్చు.

ఇప్పుడు ఆ అంకెల్ని విప్పుదాం. తెనాలిలో మా బండికి: అసెంబ్లీ 1,150, బ్రేక్ ఆయిల్ అర లీటరు 190, మజ్దూరీ 500, మొత్తం 1,840. అదే ఉస్తాద్ "గోడ బాగుంది, కిట్టు వేసినా నడుస్తది" అని ఇంకో లెక్క కూడా చెప్పాడు. కిట్టు 220, ఆయిల్ 190, మజ్దూరీ 700. మొత్తం 1,110. నాకు మిగిలేది 730. ఆయన వైపు నుంచి చూడండి. కిట్టు పనిలో వందకి 63 రూపాయలు ఉస్తాద్ చేతికి వెళ్తాయి. అసెంబ్లీ పనిలో వందకి 27. కస్టమర్ ఎక్కువ కట్టాడు, మెకానిక్‌కి తక్కువ వచ్చింది. తేడా అంతా అట్టపెట్టెలోకి, అంటే కంపెనీకీ, డీలర్‌కీ, పన్నుకీ వెళ్లింది. ఆ ఉర్దూ కితాబులోని రెండు వరసలు తలకిందులైంది ఇలాగే.

బాపట్ల వాళ్లు వేస్తానన్నది కంపెనీ ముద్ర ఉన్న సామాన్, 1,700. ఆయిల్ 200, మజ్దూరీ 600. సర్వీస్ సెంటర్ 4,700 లో పైదీ కిందిదీ రెండూ మార్చాలన్నారు, పని మీద కూడా 18 శాతం జీఎస్టీ, "కన్స్యూమబుల్స్" అని ఒక వరస. దాని కింద ఏముందని అడిగితే గుడ్డపీలికలు, క్లీనర్ స్ప్రే అన్నారు. మా ఉస్తాద్ పాత లుంగీ ముక్కకి ఇంతవరకు ఒక్క పైసా రాయలేదు.

పన్ను గురించి కూడా ఒక మాట. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఇలాంటి కారు విడిభాగాల మీద 28 శాతం వేశారు, బంగారం మీద 3 శాతం వేసిన దేశంలో. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 18 కి దించారు. నేను కట్టిన 1,150 అసెంబ్లీ పాత పన్నుతో అయితే 1,247 దాకా అయ్యేది. తొంభై ఏడు రూపాయలు. మామూలు ఇంటికి అది చిన్నదేం కాదు.

సామాన్ ఎవరికి అమ్మాలి అన్నదాని మీదే ఒక పెద్ద ముఖద్దమా నడిచింది. కంపెనీలు అసలు విడిభాగాల్ని, రిపేరు మాన్యువల్స్‌ని, కంప్యూటర్ పరికరాల్ని తమ డీలర్లకే ఇస్తున్నాయి, బయటి మెకానిక్‌లకి ఇవ్వడం లేదు, బయట చేయిస్తే వారంటీ పోతుందని భయపెడుతున్నాయి అని షంషేర్ కటారియా అనే వ్యక్తి కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకి ఫిర్యాదు చేశారు. మొదట మూడు కంపెనీల మీద. విచారణ విస్తరించింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి రూ.2,544 కోట్లకు పైగా జుర్మానా వేసింది, విడిభాగాల్ని బయటి మార్కెట్లో దొరకనివ్వాలని హుకుం ఇచ్చింది. తర్వాత అప్పీళ్లు, స్టేలు మామూలే. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా పెట్టింది. మా ఉస్తాద్‌కి ఈ సంగతులు చెబితే నవ్వాడు. "మాకు సామాన్ ఎప్పుడాగింది సార్, బెజవాడ ఆటోనగర్ ఉంది, మద్రాసు పుదుపేట ఉంది" అన్నాడు. నిజమే, పాత బండ్ల సామాన్ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరకనిది కొత్త బండ్ల కంప్యూటర్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్. దానికి పుదుపేట లేదు.

విప్పేసిన నా పాత సిలిండర్ ఉస్తాద్ షెడ్డు మూల డబ్బాలోకి వెళ్లింది. నెలకోసారి తూకానికి పోతుంది. తెనాలిలో ఈ తుక్కుకి కూడా ఒక గౌరవం ఉంది. కాటూరి వెంకటేశ్వరరావు గారి కుటుంబం బండ్ల నట్లు, బోల్టులు, చైన్లు, బేరింగులు వెల్డింగ్ చేసి విగ్రహాలు చేస్తుంది. 2021లో బెంగళూరు కోసం ప్రధాని మోదీ విగ్రహం 14 అడుగుల ఎత్తున చేసింది వాళ్లే. ఎవరి బండి బోల్టు అందులోకి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. మన షెడ్ల నుంచి పోయినవీ కొన్ని ఉండే ఉంటాయి.

ఇంకో మార్పు ఈపాటికే మొదలైంది. 2014లో మారుతి సెలేరియోతో చవక కార్లలోకి కూడా క్లచ్ పెడల్ లేని ఏఎంటీ గేర్లు వచ్చాయి. లోపల క్లచ్ ఉంటుంది, దాన్ని మీ కాలికి బదులు ఒక యంత్రం తొక్కుతుంది. ఎలక్ట్రిక్ బండ్లలో అదీ ఉండదు. తెనాలి ఉస్తాద్ దగ్గర పద్నాలుగు దాటిన మేనల్లుడు ఒకడు సాయంత్రాలు వచ్చి కూర్చుంటున్నాడు. చేయి మంచిదట, మాషా అల్లాహ్. వాడి అమ్మీ, స్కూలు మాన్పించి పూర్తిగా ఇక్కడే పెట్టుకోమని తమ్ముడిని అడుగుతోంది. వాళ్ల ఇంట్లో ఆ నెల గడవడం కష్టంగా ఉంది.

ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు, దానికి పదో తరగతి పాస్ కావాలి, పెద్ద సర్వీస్ సెంటర్లో ఆ కాగితం చూసి తీసుకుంటారు అని నేనే చెప్పాను. ఆయన ఆ మాట అక్కతో అన్నాడు. ఫీజు, పుస్తకాలు తానిస్తానన్నాడు. ఆమె నమ్మకం లేనట్టు చూసింది. "నీకు ఎవరిచ్చారు కాగితం? నువ్వు బతకట్లేదా?" అంది.

"నేను బకెట్లు వేసి బతికిన, అప్పా. వీడికి బకెట్లు ఉండవు" అన్నాడు ఉస్తాద్. ఆ కుర్రాడు అప్పటికి మా బండిలో కూర్చుని పెడల్ తొక్కుతున్నాడు. కింద నుంచి ఉస్తాద్ అరుస్తున్నాడు, పకడ్, పకడ్, అభీ మత్ ఛోడ్ అని. మార్చిలో వాడికి పరీక్షలు.